తలుపు బయట సేనాని

మా మామయ్య అసలు పేరు మా వీధిలో చాలామందికి తెలీదు. ‘మిల్లీమీటరు గారి కొట్టెక్కడ?’ అని అడిగితే మాత్రం ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. కిటికీ అద్దం కావాలని ఎవరైనా వచ్చి, రెండు చేతులూ చాపి, “ఇంచుమించు ఇంత ఉంటుందండీ” అన్నారంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. “ఇంచుమించు అద్దం నా దగ్గర లేదు. ఇంటికెళ్ళి కొలుచుకుని రండి” అని పంపేస్తాడు. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్తారు, కొలుచుకుని మళ్ళీ ఇక్కడికే వస్తారు. మామయ్య కోసిన అద్దం చట్రంలో ఊగకుండా, కిర్రుమనకుండా కూర్చుంటుంది మరి.

ఆ కొట్టులో ముందు బల్ల దగ్గర కూర్చునేది నేనే. ఫోను ఎత్తడం, కొలతలు రాసుకోవడం, బిల్లు ఇవ్వడం, మామయ్య చెప్పేదంతా వినడం నా పనులు. చివరిదే అన్నిటికంటే పెద్ద పని. గోడ వెంబడి చెక్క గూళ్ళలో అద్దాలు నిలబెట్టి ఉంటాయి. మధ్యలో కోత బల్ల, దానిమీద పాత కంబళి, పక్కన కిరసనాయిలు సీసా, అందులో ముంచి తీసే కట్టరు. ఆయన గీత గీసేటప్పుడు నేను నోరు మూసుకోవాలి, ఫోను మోగినా ఎత్తకూడదు. గీత ఒక్కసారే గీస్తాడు. అదే గీత మీద కట్టరు రెండోసారి నడిపితే అద్దం దాని ఇష్టమొచ్చిన దారిన పగులుతుందట. “గీత పడిందా, ఇక అంతే. వెనక్కి రాకూడదు” అంటాడు. అద్దాల గురించి అన్నంతవరకు నాకేం అభ్యంతరం లేదు. ఆయన ఆ మాటని బతుకంతటికీ అంటించుకున్నాడు, చిక్కు అక్కడొచ్చింది.

ఆ చిక్కు మా అమ్మతో. అమ్మ ఆయనకి సొంత అక్క, ఉన్న ఒక్కగానొక్క తోబుట్టువు. మేం ఇప్పుడున్న ఇంట్లోకి వచ్చిన కొత్తలో మామయ్య ముందుగదిలో ఒక నిలువుటద్దం తెచ్చి బిగించాడు. అంచులు తనే నునుపు చేశాడు, చట్రం తనే కట్టాడు, అక్కకి కానుక అన్నాడు. ఇల్లు చూడ్డానికి చుట్టాలంతా వచ్చిన రోజున అమ్మ ఆ అద్దం ముందు నిలబడి, తల కాస్త ఇటు వంచి, కాస్త అటు వంచి, “ఒరేయ్ తమ్ముడూ, ఇది వంకరగా లేదూ?” అంది. అందరి ముందూ అంది. అన్నది ఎవరితో? మిల్లీమీటరుతో. మామయ్య గోడే వంకర అన్నాడు. గోడ వంకరైతే అద్దం కూడా వంకరగానే పెట్టాలా అని అమ్మ అడిగింది. చుట్టాలు కడుపు పట్టుకుని నవ్వారు.

అంతటితో వదిలేస్తే బాగుండేది. అమ్మ ఊరుకోలేదు. కొన్నాళ్ళకి అవతలి వీధి అద్దాల కొట్టతన్ని పిలిపించి దాన్ని సరిచేయించింది. ఆ సంగతి మామయ్యకి తెలిసి వచ్చి, మా వాకిట్లో వీధి జనమంతా చూస్తుండగా నిలబడి, “నా పనిని పరాయివాడి చేత దిద్దిస్తావా? ఇక నీ గడప తొక్కితే ఒట్టు!” అని అరిచాడు. అమ్మ లోపల్నుంచే, “మంచిది, గడప అరక్కుండా ఉంటుంది” అంది. నా నోరు అమ్మ దగ్గర్నుంచే వచ్చిందని అత్తయ్య, అంటే మామయ్య భార్య, అంటూ ఉంటుంది.

ఏళ్ళు గడిచాయి. మామయ్య రాలేదు, అమ్మ రమ్మనలేదు, తనూ వాళ్ళింటికి వెళ్ళలేదు. అత్తయ్య మాత్రం ఇటూ అటూ తిరుగుతూనే ఉంది, నాన్న ఈ గొడవలో వేలు పెట్టలేదు. నేను చదువు అయ్యాక పని వెతుక్కుంటుంటే మామయ్యే కబురు పెట్టి కొట్టులో కూర్చోబెట్టాడు. “గొడవ అక్కకీ నాకూ. మధ్యలో పిల్లకేం సంబంధం?” అన్నాడు. ఆ విషయంలో ఇద్దరూ పెద్దమనుషులే. నా ముందు ఒకర్నొకరు ఏనాడూ తిట్టుకోలేదు. అసలు ఒకరి మాట ఒకరు ఎత్తితే కదా తిట్టుకోవడానికి.

అలాంటిది, వాళ్ళ మధ్యకి ‘ఆరో వలయం’ వచ్చింది.

అది శనివారం సాయంత్రాలు టీవీలో వచ్చే సీరియల్. నక్షత్రాల మధ్య ఆకాశంలో పెద్ద చక్రం లాంటి ఊరొకటి తిరుగుతూ ఉంటుంది. అందులో నాలుగైదు వంశాలు, వాటి మధ్య తరాల నాటి పగలు. ఒక వంశానికి ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు సేనాని, మాట ఇస్తే తల పోయినా తప్పడు. అన్న ఒక వలస ఓడకి అధిపతి. కొత్త లోకం వెతుక్కుంటూ జనాన్ని తీసుకెళ్తాడు, వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. ఆ ఓడ నడపడానికి అన్న సొంత తమ్ముణ్ణి కాదని పగవాళ్ళ వంశంవాణ్ణి పెట్టుకున్నాడు. సేనాని నిండు సభలో లేచి, “నీ ఓడలో నేను అడుగుపెట్టను” అని శపథం చేశాడు.

ఆ భాగం వచ్చిన మర్నాడు మామయ్య కొట్టు తాళం కూడా తియ్యకుండా నాకోసం బయట కాచుకుని ఉన్నాడు. “చూశావా? పరాయివాడికి ఓడ అప్పగించాడు! సేనాని ఏం చెయ్యాలి మరి? చప్పట్లు కొట్టాలా? మీ అమ్మ చూసిందా? ఏమంది?” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట్లోంచి ‘మీ అమ్మ’ అన్న మాట రావడం అదే మొదలు. నేను తెల్లబోయాను. సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చొక్కాకి కాజాలు కుడుతోంది. రెడీమేడ్ బట్టలవాళ్ళకి కాజాలు కుట్టిపెట్టడం తన పని. చెయ్యి ఆపకుండానే, “సేనానికి ఓడ నడపడం రాదు, యుద్ధం చెయ్యడమే వచ్చు. వచ్చినవాడికి ఇచ్చాడు అన్న. అందులో తప్పేముందో మీ మామయ్యని చెప్పమను” అంది.

ఇక నా పని మొదలైంది. “మీ అమ్మకి చెప్పు, రాకపోతే నేర్పించాలి గానీ పగవాణ్ణి పిలవడమేంటని.” “మీ మామయ్యకి చెప్పు, నేర్పుతానంటే వినే మొహమా సేనానిదని.” “మీ అమ్మకి చెప్పు, వంశం పరువు అనేది ఒకటుంటుందని.” “మీ మామయ్యకి చెప్పు, పరువుకి ఆకలేస్తే ఏం తింటుందో అడగమని.” పొద్దున్నొకటి, సాయంత్రం ఒకటి మోసేదాన్ని. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఒకరోజు బస్సులో కూర్చుని ఆలోచిస్తే తట్టింది, వీళ్ళు మాట్లాడుకుంటున్నారు! అక్కా తమ్ముడూ రోజూ మాట్లాడుకుంటున్నారు! ఆ సంతోషంతో బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటే పక్కావిడ జరిగి కూర్చుంది. ఆనాటి నుంచి ఒక్క ముక్క కూడా తగ్గించకుండా చేరవేశాను. నిజం చెప్పాలంటే కాస్త ఉప్పూకారం కూడా వేశాను.

ఈ వాదనలో మూడోవాడు పక్క కొట్టు తాళాలాయన. తాళంచెవులు చేసే మనిషి, మధ్యాహ్నం గిరాకీ ఉండదు, కుర్చీ తెచ్చుకుని మా కొట్టు ముందు కూర్చుంటాడు. ఆయన పూర్తిగా అమ్మ పక్షం. “అన్నగారూ, శపథం పట్టుకుని వేలాడేవాడు సేనాని ఎలా అవుతాడండీ, గబ్బిలం అవుతాడు గానీ” అనేవాడు. మామయ్య కట్టరు కింద పెట్టేసి లేచేవాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే, అద్దం కొనడానికి వచ్చినవాళ్ళు పోలీసుల్ని పిలవాలా వద్దా అన్నట్టు నాకేసి చూసేవాళ్ళు. “ఏం లేదండీ, ఆకాశంలో గొడవ. మీరు కొలతలు చెప్పండి” అనేదాన్ని.

తర్వాత ఓడ బయల్దేరే భాగం వచ్చింది. ఆ శనివారం నేను మామయ్య వాళ్ళింట్లోనే ఉండిపోయి అక్కడే చూశాను. సేనాని ఓడరేవుకి వస్తాడు. పొడుగాటి నడవ, చివర మూసి ఉన్న గుండ్రటి తలుపు, తలుపు అవతల అన్న. సేనాని నడిచి వచ్చి తలుపు ముందు ఆగుతాడు. అక్కణ్ణుంచి పాట లేదు, మాట లేదు, సంగీతం కూడా లేదు. సేనాని చెయ్యి తలుపు మీద ఆనించి అలా నిలబడతాడు. లోపలికి మాత్రం వెళ్ళడు. ఓడ కదిలి వెళ్ళిపోతుంది. అత్తయ్య ముక్కు చీదింది. మామయ్య గోడకేసి తిరిగి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

మర్నాడు అమ్మ ఏమందో తెలుసా? “ఛీ, పిరికివాడు. తలుపు దాకా వచ్చి, ఒక్క క్షణమైనా నిలబడకుండా వెళ్ళిపోయాడు. మీ మామయ్యకి చెప్పు, ఆయన సేనాని ఇంతేనని.”

కావాలని ఉడికిస్తోంది అనుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. మామయ్య మొహం మాడిపోయింది. “నిలబడ్డాడని చెప్పు. చెయ్యి పెట్టి నిలబడ్డాడని చెప్పు” అన్నాడు. చెప్పాను. “నిలబడలేదు. నిలబడితే తెలీదా?” అంది అమ్మ. ఇలా రెండు మూడు సార్లు తిరిగాక మామయ్య కబుర్లు పంపడం మానేశాడు. ఇన్నాళ్ళూ ఎంత అరిచినా అందులో సరదా ఉండేది. ఈసారి అది లేదు. తాళాలాయన కుర్చీ తెచ్చుకుని కూర్చున్నా, మామయ్య తలెత్తకుండా అద్దాలు తుడుస్తూ ఉండిపోయాడు. నాకు బెంగ పట్టుకుంది. దొరక్క దొరక్క దొరికిన దారి, అది కూడా మూసుకుపోతోంది.

శుక్రవారం సాయంత్రం ఆ పాత భాగాన్నే మళ్ళీ వేశారు. అమ్మ పక్కనే కూర్చున్నాను. సేనాని తలుపు దగ్గరికి రాగానే, “ఇదిగో, ఇప్పుడు చూడమ్మా. చెయ్యి తలుపు మీదుంది కదా? ఇంకా ఉంది. ఇంకా ఉంది. మామయ్య చెప్పింది నిజమేగా?” అన్నాను.

“ఏదీ?” అంది అమ్మ.

తను టీవీకేసే చూస్తోంది. కానీ చూపు తెర మీద చెయ్యున్న చోట లేదు. ఎక్కడా లేదు. సూదిలో దారం ఎక్కించమని నాకివ్వడం, ‘బద్ధకమే’ అని నవ్వడం, టీవీకి మరీ దగ్గరగా కుర్చీ జరుపుకోవడం, గ్లాసు కోసం చెయ్యి తడుముకోవడం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కాజాలు వేళ్ళతో చూసి కుడుతోంది కాబట్టి ఎక్కడా తప్పు పోలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. సీరియల్ని ఇన్నాళ్ళూ వింటోంది. మాటలున్నంతవరకు అందరికంటే బాగా విని వాదించింది. మాటల్లేని ఆ కాస్తసేపట్లో తనకి వినిపించినదల్లా అడుగుల చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. వెళ్ళిపోయాడనుకుంది.

“ఎన్నాళ్ళ నుంచమ్మా?” అన్నాను. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

“ఏదో పొగమంచులా ఉంటుందే. శుక్లాలే అయ్యుంటాయి. మా అమ్మకీ వచ్చాయి” అంది, వర్షం పడేలా ఉంది అన్నంత తేలిగ్గా.

“చిన్న ఆపరేషన్. రేపే వెళ్దాం పద.”

“కంట్లో కత్తి పెడతారు. నాకు భయం.” అమ్మ భయం అన్నమాట ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు. “నువ్వుంటావు, మీ నాన్న ఉంటారు, నిజమే. అయినా…” అని ఆగిపోయింది. ఆ ‘అయినా’ ఎవరి గురించో నాకు చెప్పక్కర్లేదు.

“మామయ్యకి చెబుతాను.”

“చెప్పావంటే ఊరుకోను! తెలిస్తే పరిగెత్తుకొస్తాడు, అయ్యో పాపం అని. అయ్యో పాపం అని వచ్చే తమ్ముడు నాకొద్దు. వాదనలో ఓడిపోయి రావాలి వాడు. ఒట్టెయ్యి.”

వేశాను. మా వాళ్ళకి ఒట్లకేం కరువు? వేసి, గదిలోకెళ్ళి ఆలోచించాను. వీళ్ళ పరువు కోసం నేను మాట మీద నిలబడితే అమ్మ చూపు పోతుంది. అంత ఖరీదైన మాట నేను మొయ్యలేను, మొయ్యను. తెల్లారేసరికి నా నిర్ణయం అయిపోయింది. ఇప్పటికీ దాని గురించి నాకు వీసమెత్తు విచారం లేదు.

శనివారం కొట్టులోకి వెళ్ళేసరికి మామయ్య పెద్ద పలక బల్లమీద పరిచి గీత మొదలుపెట్టాడు. మాట్లాడకూడని సమయం. మాట్లాడాను.

“మామయ్యా, అమ్మ నిన్ను ఉడికించడానికి అనలేదు. చెయ్యి తనకి కనబడలేదు. అసలు తనకి ఏదీ సరిగ్గా కనబడట్లేదు.”

సర్రుమంటున్న చప్పుడు ఆగిపోయింది. మామయ్య కట్టరు గీత మధ్యలో వదిలేశాడు. ఆయన అలా చెయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు. నేను అన్నీ చెప్పేశాను, అమ్మ భయం గురించి, ఆ ‘అయినా’ గురించి, నేను తప్పిన ఒట్టు గురించి. ఆయన బల్ల అంచు పట్టుకుని విన్నాడు. చివరికి, “ఇన్నాళ్ళూ చూడకుండానే నాతో వాదించిందా? వాదించి గెలిచిందా?” అన్నాడు. గొంతులో అంత బాధలోనూ అక్క మీద గర్వం ఉంది.

అత్తయ్యకి ఫోన్ చేశాను, వచ్చింది. కుర్చీతో సహా తాళాలాయనా వచ్చాడు. ఇద్దరూ కలిసి మామయ్యకి దారులు చూపించడం మొదలుపెట్టారు.

“ఏవండీ, వదిన్ని మనింటికే తీసుకొస్తాను. మీ ఒట్టుకేం కాదు” అంది అత్తయ్య.

“కళ్ళు కనబడని మనిషిని నా పంతం కోసం నడిపిస్తావా?” అన్నాడు మామయ్య.

“కిటికీలోంచి మాట్లాడండి అన్నగారూ. గడపతో పని లేదు” అన్నాడు తాళాలాయన. “పోనీ, తొక్కితే కదా ఒట్టు? ఎత్తుగా కాలెత్తి అవతల వేసేయండి. తొక్కనట్టే కదా!”

మామయ్య ఆయనకేసి చూసిన చూపుకి అద్దాలే పగలాలి. “నేనన్న మాటకి అర్థం ఏంటో నాకు తెలుసు, మా అక్కకి తెలుసు. దానికి దొంగదారులు వెతుక్కుని, ఒట్టు తప్పలేదని చంకలు గుద్దుకోనా? తప్పితే తప్పానని చెప్పుకోవాలి. అదీ చేతకాకపోతే మగవాడా, మనిషా?” అని, చేతులు తుడుచుకుని, “కొట్టు కట్టెయ్యవే” అన్నాడు నాతో.

ఇవన్నీ తేలేసరికి సాయంత్రం కావచ్చింది. గిరాకీ వేళ కొట్టు కట్టేసి నలుగురం బయల్దేరాం. తాళాలాయన్ని ఎవరూ పిలవలేదు, తోడుకి అన్నాడు. మామయ్య మా ఇంటి మెట్ల దగ్గర ఆగి, చొక్కా సర్దుకున్నాడు. మొహం పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా పాలిపోయింది. తర్వాత వీధంతా వినబడేలా అరిచాడు.

“అక్కా! నీ గడప తొక్కనని నలుగురి ముందూ అన్నాను. ఇప్పుడు నలుగురి ముందే ఆ మాట తప్పుతున్నాను!”

మేడమీద ఆరిన బట్టలు తీస్తున్నావిడ తొంగి చూసింది. మామయ్య మెట్లెక్కి, గడప దాటి, లోపలికి వెళ్ళిపోయాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అత్తయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు.

అమ్మ టీవీ ముందు కుర్చీలో ఉంది. ఒళ్ళో చొక్కా, వేలికి తొడుగు. సూది ఆగింది గానీ తల ఎత్తలేదు. “ఓడిపోయి వచ్చావా, జాలిపడి వచ్చావా?” అంది. అంటూనే నేనున్న వైపు తిరిగి, “నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే” అని నాకూ ఒకటి వడ్డించింది.

“రెండూ కాదు” అన్నాడు మామయ్య. “నువ్వు ఒక సీను తప్పుగా అర్థం చేసుకున్నావు. అది సరిగ్గా చెబుదామని వచ్చాను.”

“చెప్పు మరి.”

మామయ్య వచ్చి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. “గుండ్రటి తలుపక్కా. మనిషికి రెండింతలుంటుంది. లోహమే గానీ మెరుగు పెట్టారు, అందులో సేనాని మొహం వాడికే కనిపిస్తూ ఉంటుంది. వాడు నడిచొచ్చి ఆగాడు. నీకు వినిపించింది అక్కడిదాకా. అప్పుడు కుడిచేతి తొడుగు ఊడదీశాడు. నెమ్మదిగా, ఒక్కో వేలూ. తీసి ఇలా పెట్టాడు.” అమ్మ చెయ్యి తీసుకుని, అరచేయి మీద తన అరచేయి ఆనించాడు. అద్దాలు కోసి కోసి కాయలు కాసిన చెయ్యి. “వేళ్ళు విడదీసి, ఇలాగే. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఓడ కదిలి, చెయ్యి కిందనుంచి తలుపు జారి వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నాడు.”

“చాలాసేపా?”

“చాలాసేపక్కా.”

“నాకు చప్పుడే వినబడలేదురా.”

“అందులో చప్పుడే లేదక్కా. నీ తప్పేం కాదు.”

అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. “అంతసేపు నిలబడ్డవాడు తలుపు తియ్యొచ్చుగా?”

మామయ్య తల దించుకున్నాడు. “తియ్యాల్సింది. మాట పోతే పోయేది. నేనిన్నాళ్ళూ వాడిది రైటంటూ వాదించాను గానీ, కాదు. తియ్యాల్సిందక్కా.”

“విన్నారా!” అని గుమ్మంలోంచి తాళాలాయన కేక పెట్టాడు. ఎన్ని శనివారాలుగా ఆ మాట కోసం కాచుకుని ఉన్నాడో పాపం. అత్తయ్య ఆయన్ని కళ్ళతోనే గదిమింది.

అమ్మ ఇక ఎగిరి గంతేస్తుందనుకున్నాను. గెలిచింది కదా. తమ్ముడు ఓడిపోయి రావాలంది, ఓడిపోయాడు కూడా. కానీ అమ్మ మొహంలో గెలిచిన కళ లేదు. “ఏవండీ తాళాల బాబుగారూ, ఆ తలుపు బయటనుంచే తీస్తారా, లోపల్నుంచి కూడా వస్తుందా?” అని అడిగింది.

“ఓడ తలుపు కదండీ, రెండు పక్కలా తియ్యొచ్చు. మొదటి భాగాల్లో లోపల్నుంచి తీశారు కూడాను” అన్నాడాయన.

“మరి లోపలున్నవాడికేం చేతుల్లేవా?” అంది అమ్మ. “తమ్ముడొచ్చి నిలబడ్డాడని అన్నకి తెలీదా? ఆ అడుగులు ఇంత దూరాన నాకే వినబడ్డాయి, తలుపవతల వాడికి వినబడవా? ఇన్నాళ్ళూ మీరూ నేనూ అందరం కలిసి బయటున్నవాణ్ణి తిట్టాం, లేకపోతే బయటున్నవాణ్ణి మెచ్చుకున్నాం. లోపలున్న పెద్దమనిషిని ఒక్కరైనా అడిగారా?”

ఎవరం అడగలేదు.

“నువ్వు అప్పుడప్పుడూ చీకటిపడే వేళ వచ్చి మా మెట్ల కింద నిలబడి వెళ్ళేవాడివి” అంది అమ్మ.

మామయ్య ఉలిక్కిపడ్డాడు. నేనూ ఉలిక్కిపడ్డాను. ఇది నాకు తెలీదు, అత్తయ్యకీ తెలీదు. “నీకెలా తెలుసు?” అన్నాడు.

“చిన్నప్పట్నుంచి నీ నడక వింటున్నానురా. ఎడమకాలు కాస్త ఈడుస్తావు. వచ్చి ఆగేవాడివి. నేను లోపల సూది పట్టుకుని కూర్చునేదాన్ని. వాడే రావాలి, వాడే పిలవాలి అనుకునేదాన్ని. తలుపు ఇంత దూరంలో ఉంది.” అమ్మ చెయ్యి చాపింది. “లేచి నేనే తీసి ఉంటే ఏం పోయేది?”

మామయ్య ఏడ్చేశాడు. దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా, అక్క మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు. అమ్మ ఆయన తల నిమురుతూ, “సోమవారం డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళాలి. కత్తి కనబడితే నీ చెయ్యి విరిచేస్తాను, చెబుతున్నా” అంది. ఆయన తలూపాడు. ఊపితే తనకి కనబడదని గుర్తొచ్చి, “అలాగే అక్కా, అలాగే” అన్నాడు. అంత సంతోషం నేను ఆ గదిలో ఎప్పుడూ చూడలేదు.

ఇంతలో టీవీలో ‘ఆరో వలయం’ పాట మొదలైంది. అత్తయ్య టీవీ సౌండు పెంచింది, తాళాలాయన కుర్చీ వెతుక్కున్నాడు. మామయ్య ఇంకా వెక్కుతూనే ఉన్నాడు.

అమ్మ చొక్కా కొసతో ఆయన మొహం తుడిచింది. “ఒరేయ్, ఇక ఆపు. నీకు కూడా కనబడకపోతే నాకెవరు చెబుతారు? మొదలైంది, చూసి చెప్పు. ఏం కనిపిస్తోంది?”